స్టెయిన్‌లెస్ డమాస్కస్ కత్తికి కార్బన్ డమాస్కస్ లాగే హీట్ ట్రీట్‌మెంట్ చేయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇప్పటిదాకా 1084, 15ఎన్20 అనే రెండు స్టీల్స్‌ను పొరలుగా కలిపిన కార్బన్ డమాస్కస్‌తో కత్తులు చేశారు. గ్యాస్ కొలిమిలో అయస్కాంతం అంటుకోని దాకా వేడి చేసి, ఇంకాస్త రంగు ఎక్కగానే నూనెలో ముంచేవారు. ఇప్పుడు ఆర్‌డబ్ల్యూఎల్34, పీఎంసీ27 అనే రెండు స్టీల్స్ పొరలున్న స్టెయిన్‌లెస్ బార్ కొని 3 మిల్లీమీటర్ల మందంలో వంటింటి కత్తి ఆకారం తీశారు. దీనికీ అదే పద్ధతి సరిపోతుందా? బార్‌లో రెండు స్టీల్స్ ఉన్నప్పుడు దేని ఉష్ణోగ్రత పాటించాలి? సబ్‌జీరో, అంటే చల్లార్చాక సున్నాకి చాలా కిందికి చల్లబరచడం, నిజంగా అవసరమా? మీ స్నేహితుడి కత్తికి ఎచింగ్ (పొరల డిజైన్ తేలేలా యాసిడ్‌లో ముంచడం) తర్వాత డిజైన్ మసకగా ఎందుకు వచ్చింది?

సూటిగా చెప్తాను. కార్బన్ డమాస్కస్ పద్ధతి దీనికి పనికిరాదు. మీ బార్‌కి నేను చేసేది ఇలా ఉంటుంది: స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో గాలి చొరకుండా చుట్టి, ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో 1065 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు నిలబెడతాను. తీసిన వెంటనే అల్యూమినియం పలకల మధ్య నొక్కి చల్లారుస్తాను. చేతికి వేడి తగలనంత చల్లబడగానే డ్రై ఐస్‌లో గానీ లిక్విడ్ నైట్రోజన్‌లో గానీ పెడతాను. ఆ తర్వాత 175 నుంచి 200 డిగ్రీల మధ్య రెండేసి గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్, అంటే పెళుసుదనం తగ్గేలా తక్కువ వేడిలో ఉంచడం. అన్నీ సరిగా జరిగితే గట్టిదనం 60 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టిదనం కొలత) మధ్య వస్తుంది. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే చెప్తున్నాను.

ఇక కారణాలు. ఇవి తెలిస్తే రేపు ఇంకో రకం బార్ చేతికొచ్చినా మీరే నిర్ణయించుకోగలరు.

మీరు వాడిన 1084లో ఉన్నది ప్రధానంగా ఇనుము, కార్బన్. 800 డిగ్రీలు దాటగానే కార్బన్ ఇనుములో సులువుగా కలిసిపోతుంది. అందుకే అయస్కాంతం గుర్తు అక్కడ పనిచేస్తుంది. స్టెయిన్‌లెస్‌లో 13, 14 శాతం క్రోమియం ఉంటుంది. కార్బన్‌కి క్రోమియం అంటే విపరీతమైన మమకారం, రెండూ కలిసి గట్టి కార్బైడ్ రేణువులుగా ఉండిపోతాయి. అయస్కాంతం వదిలేసే 770 దగ్గర ఆ రేణువులు కదలవు. 900లో కొద్దిగా కరుగుతాయి. 1050 దాటాకే మనకు కావలసినంత కార్బన్, క్రోమియం ఇనుములోకి వస్తాయి. చల్లటి నీళ్లలో మోతాదు మించి వేసిన పంచదార అడుగునే ఉండిపోయి, నీళ్లు కాగాక కరిగినట్టే ఇది కూడా.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ 20 నిమిషాల్లో ఎంత కరిగిందన్నదే మూడు విషయాలను ఒకేసారి తేలుస్తుంది: గట్టిదనం, తుప్పు పట్టకపోవడం, ఎచింగ్‌లో డిజైన్ తేలడం. కార్బన్ కరగకపోతే కత్తి మెత్తగా ఉంటుంది. క్రోమియం కరగకపోతే పేరుకు స్టెయిన్‌లెస్సే గానీ మచ్చలు పడుతుంది. కార్బైడ్‌లో చిక్కుకున్న క్రోమియం తుప్పును ఆపలేదు, విడిగా ఇనుములో కలిసి ఉన్న క్రోమియమే ఆపుతుంది. డిజైన్ సంగతి కిందికి వచ్చాక చెప్తాను, అది కూడా ఈ లెక్కలోంచే వస్తుంది.

అలాగని వేడి ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవద్దు. 1100 దాటిస్తే కార్బన్ మరీ ఎక్కువగా కలిసిపోతుంది. అప్పుడు చల్లార్చినా ఆస్టెనైట్ (వేడిలో స్టీల్ ఉండే రూపం) మొత్తం మార్టెన్‌సైట్‌గా (చల్లార్చితే వచ్చే గట్టి రూపం) మారదు, చాలా భాగం మెత్తటి ఆస్టెనైట్‌గానే మిగులుతుంది. గ్రెయిన్, అంటే స్టీల్ లోపలి స్ఫటికాల సైజు, కూడా పెరిగి వాదర పెళుసుగా తయారవుతుంది. గట్టిదనం కోసమని వేడి పెంచి, చివరికి మెత్తటి కత్తి చేతికి రావడం ఈ స్టీల్స్‌లో తరచూ జరిగే పని.

రెండు స్టీల్స్ ఉంటే దేని లెక్క పాటించాలి?

మీ బార్ విషయంలో అదృష్టం ఏమిటంటే, ఈ జతను హీట్ ట్రీట్‌మెంట్ కలిసేలా చూసే ఎంచుకున్నారు. ఆర్‌డబ్ల్యూఎల్34లో సుమారు 1.05 శాతం కార్బన్, 14 శాతం క్రోమియం, 4 శాతం మాలిబ్డినం ఉంటాయి. అమెరికన్ కత్తుల తయారీదారు రాబర్ట్ డబ్ల్యూ. లవ్‌లెస్ పేరులోని పొడి అక్షరాలే దానికి పెట్టారు. దీనికి దగ్గరి కూర్పు ఉన్న ఏటీఎస్-34, 154సీఎం స్టీల్స్ వాడినవాళ్లకు ఆ స్వభావం కొత్తగా అనిపించదు. పీఎంసీ27లో కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13 పైచిలుకు, మాలిబ్డినం లేదు. స్వీడన్‌లోని సోడర్‌ఫోర్స్‌లో ఉన్న డమాస్టీల్ ఈ రెండింటినీ పొడి రూపం నుంచి గట్టి కడ్డీగా తయారు చేస్తుంది. ఈ రెంటికీ 1050 నుంచి 1080 వరకు ఉమ్మడి పరిధి ఉంది. నేను మధ్యలో 1065 పట్టుకుంటాను. ఫర్నేస్ అటూ ఇటూ పది డిగ్రీలు ఊగినా ఇబ్బంది ఉండదు.

వేరే జత అయితే మొదట చూడాల్సింది వాదర దగ్గర ఏ స్టీల్ ఉంటుందన్నది. ఇక్కడ బార్‌లు మూడు నాలుగు రకాలు, వాటిని కలిపేసుకుంటే నష్టం పెద్దదే.

మీది మొదటి రకం. రెండు పొరలూ గట్టిపడేవే, వాదర వరకు రెండూ వస్తాయి. ఉమ్మడి పరిధి వెతుక్కోవాలి.

రెండో రకంలో మధ్యన గట్టి స్టీల్ ఒకటి ఉంటుంది, వీజీ10 లాంటిది. రెండు పక్కలా అలంకారంగా పొరల డమాస్కస్ ఉంటుంది. అక్కడ మధ్య స్టీల్ లెక్క ఒక్కటే చూడాలి, పక్క పొరలు గట్టిపడకపోయినా ఫరవాలేదు. అయితే గ్రైండింగ్ రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక పక్క ఎక్కువ తీస్తే వాదర మధ్య స్టీల్‌లోంచి తప్పుకుని మెత్తటి పక్క పొరలోకి పోతుంది. అప్పుడు ఎంత గొప్ప హీట్ ట్రీట్‌మెంట్ చేసినా ఆ కత్తి కోయదు.

మూడో రకం కొందరు సొంతంగా వెల్డ్ చేసుకునేవి, ఏఈబీ-ఎల్ స్టీల్‌తో 304 రకం స్టెయిన్‌లెస్ కలిపినట్టు. ఏఈబీ-ఎల్ షేవింగ్ బ్లేడ్ల కోసం పుట్టిన స్టీల్, బ్రహ్మాండంగా గట్టిపడుతుంది. 304 హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపడదు. రెండూ వాదరలోకి వస్తే ఒక గీత గట్టిగా, ఇంకో గీత మెత్తగా ఉంటుంది. వెల్డింగ్ వేడిలో కార్బన్ పొరల మధ్య కొంత అటూ ఇటూ పోతుంది కాబట్టి తేడా కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోదు. అలాంటిది పిడి దగ్గర, బోల్‌స్టర్ (పిడికీ బ్లేడుకీ మధ్య ఉండే లోహపు ముక్క) మీద అందంగా ఉంటుంది. వంటింటి కత్తి వాదరకు మాత్రం నేను వాడను. ఈ జతలో ఇంకో చిక్కు కూడా ఉంది. వేడికి 304 సాగేది ఎక్కువ, చల్లారేటప్పుడు కుంచించుకునేది ఎక్కువ. పక్కన మార్టెన్‌సైట్‌గా మారే పొర అదే సమయంలో ఉబ్బుతుంది. ఈ లాగుడుకి కత్తి వంగడం, పొర విడిపోవడం రెండూ జరుగుతాయి.

నాలుగోది అసలు ప్రమాదకరమైనది. బయట స్టెయిన్‌లెస్ డమాస్కస్, లోపల మాత్రం కార్బన్ స్టీల్ కోర్. చూడ్డానికి స్టెయిన్‌లెస్ లాగే ఉంటుంది. దాన్ని 1065కి తీసుకెళ్తే లోపలి స్టీల్ గ్రెయిన్ పెరిగి నాశనమవుతుంది. దాని లెక్క మీ పాత లెక్కే, ఆ కోర్ స్టీల్‌కి చెప్పిన 800 చిల్లర, నూనె. బార్ అమ్మినవారిని కోర్ పేరు అడగకుండా ఫర్నేస్‌లో పెట్టొద్దు. చెప్పలేకపోతే ఆ బార్ కొనొద్దు.

గ్యాస్ కొలిమితో ఎందుకు కుదరదు?

మూడు కారణాలున్నాయి. కంటి రంగుతో 1065ని పట్టుకోవడం ఎంత అనుభవం ఉన్నా కష్టం. గదిలో వెలుతురు మారితే రంగు మారినట్టు కనిపిస్తుంది, యాభై డిగ్రీల పొరపాటు ఇట్టే జరిగిపోతుంది. పైగా 20 నిమిషాలు అక్కడే నిలబెట్టాలి. మంటలో ఒక చివర ఒకలా, ఇంకో చివర ఇంకోలా ఉంటుంది. పైనుంచి ఆ వేడిలో గాలి తగిలితే పైపొరలో కార్బన్ కాలిపోతుంది, నల్లటి పొలుసు గట్టిగా పట్టేస్తుంది. సన్నటి వాదర దగ్గర అలా పోయిన మందమే చాలా ఎక్కువ అవుతుంది.

కొలిమిలో మందపాటి గొట్టం అడ్డం పెట్టి, దాని లోపల థర్మోకపుల్‌తో (వేడి కొలిచే సాధనం) చేసేవాళ్లున్నారు. మంటను చేత్తో సరిచేస్తూ పది డిగ్రీల తేడాలో నిలబెట్టగలిగితే పని అవుతుంది. ఖరీదైన బార్ మీద ఆ పరీక్ష పెట్టడం నాకు నచ్చదు. ఫర్నేస్ లేకపోతే వాక్యూమ్ ఫర్నేస్ ఉన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపుకు పంపడమే మంచిది.

పంపేటప్పుడు మాత్రం కాగితం మీద రాసివ్వండి. నా దగ్గరకు ఒకాయన ఒక కత్తి తెచ్చారు. మీ బార్ లాంటిదే, ఒక షాపులో గట్టిపరిచారు. గట్టిదనం కొలిస్తే 59, 60 మధ్య చూపిస్తోంది. కాగితం చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. కానీ నిమ్మరసం తగిలితే మచ్చలు, తడి గుడ్డలో చుట్టి పెడితే చుక్కలు చుక్కలుగా తుప్పు. ఎచింగ్‌లో రెండు పొరలూ ఒకే బూడిద రంగు. ఆరా తీస్తే ఆ షాపువాళ్లు 510 డిగ్రీల్లో టెంపరింగ్ చేశారని తేలింది. డైలు, పంచ్‌ల స్టీల్‌కి వాళ్లు రోజూ చేసేది అదే. ఆ వేడిలో ఈ స్టీల్స్ మళ్లీ గట్టిపడతాయి కాబట్టి మీటర్‌లో అంకె బాగానే కనిపిస్తుంది. కానీ మనం కష్టపడి కరిగించిన క్రోమియం మళ్లీ కార్బైడ్‌గా బయటికొచ్చేస్తుంది, తుప్పును ఆపే శక్తి పోతుంది, వాదర పెళుసుగా మారుతుంది. అందుకే గట్టిదనం అంకె ఒక్కటే చూసి సంతృప్తి పడొద్దంటాను.

షాపుకు రాసివ్వాల్సినవి: 1060 నుంచి 1070 మధ్య, కత్తి ఆ వేడికి చేరాక 20 నిమిషాలు, నైట్రోజన్ ప్రెషర్‌తో వేగంగా చల్లార్చాలి, చల్లార్చిన గంటలోపు మైనస్ 70 లేదా అంతకన్నా కిందికి తీసుకెళ్లాలి, టెంపరింగ్ 200 దాటకూడదు. చివరి మాట కింద రెండు గీతలు గీయండి.

మీరే ఫర్నేస్‌లో చేస్తే

ఫాయిల్ విషయంలో 321 గ్రేడ్ ఫాయిల్ 1090 వరకు తట్టుకుంటుంది, మీకది చాలు. అంతకన్నా పైకి వెళ్లే స్టీల్స్‌కి 309 తీసుకోవాలి. కత్తిని శుభ్రంగా నూనె లేకుండా తుడిచి, కవర్‌లా చుట్టి, మూడు పక్కలా అంచుల్ని రెండు మడతలు వేసి గట్టిగా నొక్కాలి. లోపల చిన్న కాగితం ముక్క పెడితే అది కాలి, మిగిలిన ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది. చేతికి మందపాటి తోలు గ్లోవ్స్ వేసుకోండి. ఆ ఫాయిల్ అంచు బ్లేడు కన్నా దారుణంగా కోస్తుంది. ఫాయిల్ కత్తికి అతుక్కున్నట్టు బిగుతుగా ఉండాలి. లోపల గాలి ఖాళీ ఉంటే చల్లార్చేటప్పుడు వేడి బయటికి రాదు.

నేను నేరుగా 1065కి పోను. 850 దగ్గర పది నిమిషాలు ఆపి కత్తంతా ఒకే వేడికి వచ్చాక పైకి తీసుకెళ్తాను. వెన్ను మందంగా, వాదర సన్నగా ఉన్న కత్తిలో వంకర తగ్గడానికి ఇది ఉపయోగపడుతుంది. 20 నిమిషాల లెక్క ఫర్నేస్ తెర మీద అంకె వచ్చినప్పటి నుంచి కాదు, ఫాయిల్ రంగు గోడల రంగుతో కలిసిపోయి విడిగా కనపడనప్పటి నుంచి మొదలుపెట్టండి. ఫర్నేస్ అంకెను నమ్మే ముందు, కత్తి ఉండే చోట ఇంకో కే-టైప్ థర్మోకపుల్ పెట్టి ఒకసారి సరిచూసుకోవాలి. గోడ దగ్గర ఉన్న థర్మోకపుల్ చూపేదానికి, కత్తి ఉన్న చోటుకి ఇరవై డిగ్రీల తేడా ఉన్న ఫర్నేస్‌లు చాలానే చూశాను.

చల్లార్చడానికి 25 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పలకలు రెండు చాలు. పాకెట్‌ని పట్టకారుతో తీసి, ఫాయిల్ విప్పకుండానే పలకల మధ్య పెట్టి బరువు మోపి నొక్కండి. పక్కల నుంచి కంప్రెసర్ గాలి కొడితే ఇంకా మంచిది. 600 డిగ్రీల కిందికి ఎంత త్వరగా దిగితే అంత మేలు. నెమ్మదిగా దిగితే గ్రెయిన్ అంచుల వెంబడి కార్బైడ్ పేరుకుంటుంది, అది తుప్పుకూ పెళుసుకూ దారి. నూనె కూడా పనిచేస్తుంది గానీ ఫాయిల్ చించి ముంచాలి. 1065లో ఉన్న ముక్క నూనెలోకి వెళ్తే మంట లేస్తుంది, వంకర కూడా ఎక్కువ. 3 మిల్లీమీటర్ల కత్తికి ఆ అవసరం లేదు.

పలకల నుంచి తీసినప్పుడు ఇంకా గోరువెచ్చగా ఉంటుంది. అప్పుడు మార్పు పూర్తికాలేదు, ఆస్టెనైట్ కొంత మిగిలే ఉంటుంది, కాబట్టి చిన్న వంకరలు చేత్తోనే సరిచేయవచ్చు. ఆ కొద్ది నిమిషాలు వదులుకోవద్దు. డ్రై ఐస్‌లో పెట్టి తీశాక అదే కత్తిని వంచితే విరుగుతుంది. అప్పటికీ వంకర ఉంటే రెండో టెంపరింగ్‌లో మందపాటి పట్టీకి బిగించి, వంకర ఉన్న చోట వ్యతిరేక దిశలో చిన్న ముక్క అడ్డం పెట్టి ఫర్నేస్‌లో పెట్టండి. చాలావరకు సర్దుకుంటుంది.

సబ్‌జీరో గురించి

మీరు అడిగిన దాంట్లో ఎక్కువ వాదోపవాదాలు నడిచేది దీని మీదే. నా అభిప్రాయం స్పష్టం: మీ బార్‌కి అవసరం. ఈ స్టీల్స్‌లో మార్టెన్‌సైట్‌గా మారే పని గది వేడి దగ్గర ముగియదు, సున్నాకి చాలా కిందికి వెళ్తే గానీ పూర్తికాదు. గది వేడి దగ్గరే ఆపేస్తే ఒకటి నుంచి మూడు పాయింట్ల గట్టిదనం పోతుంది. అంతకన్నా ముఖ్యంగా, మిగిలిన ఆస్టెనైట్ వల్ల వాదర సాన పట్టేటప్పుడు రేకులా ఒక పక్కకు వాలిపోతుంటుంది. ఆ బర్ తీయడం ఎంత విసుగో కత్తులు పదును పెట్టేవాళ్లకు తెలుసు.

ఇంట్లో ఫ్రిజ్ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది, దానివల్ల పెద్దగా లాభం లేదు. డ్రై ఐస్ మైనస్ 78కి తీసుకెళ్తుంది. రావలసిన లాభంలో ఎక్కువ భాగం అక్కడే వచ్చేస్తుంది. లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196, ఇంకొంచెం అదనం. కత్తంతా ఆ చలికి చేరగానే మార్పు జరిగిపోతుంది. ఆస్టెనైట్ మార్పు కోసం రాత్రంతా, రెండు రోజులు ఉంచాల్సిన పని లేదు, కత్తి లోపలిదాకా చల్లబడే సమయం ఇస్తే చాలు.

వ్యవధి మాత్రం ముఖ్యం. చల్లార్చాక కత్తిని బల్ల మీద వదిలేసి మర్నాడు డ్రై ఐస్ తెస్తే ఆస్టెనైట్ స్థిరపడిపోతుంది, తర్వాత చలికి అంతగా మారదు. గంటలోపు పెట్టేయండి. అంటే ఫర్నేస్ స్విచ్ వేసే ముందే డ్రై ఐస్ మీ దగ్గర ఉండాలి. పగుళ్లు వస్తాయేమోనన్న టెన్షన్‌తో కొందరు ముందు చిన్న టెంపరింగ్ చేసి ఆపైన చలిలో పెడతారు. మందం మార్పులు ఎక్కువగా, మూలలు పదునుగా ఉన్న ముక్కలకు అందులో న్యాయం ఉంది. కానీ దానివల్ల కూడా ఆస్టెనైట్ స్థిరపడుతుంది. మీ కత్తి లాంటి సన్నటి దానికి నేను ఆ పని చేయను. చేయాల్సిందల్లా రంధ్రాల అంచులు, పిడి దగ్గర లోపలి మూలలు ముందే గుండ్రంగా తీసి, గ్రైండింగ్ గీతలు సాండ్‌పేపర్‌తో పోగొట్టడం. పగుళ్లు మొదలయ్యేది అక్కడి నుంచే.

జాగ్రత్తలు చెప్పకుండా ముందుకు పోలేను. డ్రై ఐస్, లిక్విడ్ నైట్రోజన్ మూసిన గదిలో వాడితే గాల్లో ఆక్సిజన్ తగ్గిపోతుంది, మనిషికి తెలిసేలోపే స్పృహ పోవచ్చు. తలుపులు తీసి ఉంచండి. వాటిని గట్టిగా మూతపెట్టిన డబ్బాలో పెట్టకండి, పేలుతుంది. డ్రై ఐస్‌లో ఆల్కహాల్ గానీ అసిటోన్ గానీ పోస్తే చలి కత్తికి బాగా అంటుతుంది, కానీ దగ్గర్లో మంట, వేడి ఫర్నేస్ ఉండకూడదు.

టెంపరింగ్

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వంటింటి కత్తికి నేను 180 దగ్గర చేస్తాను. మోటు పని చేసే కత్తికి 200. రెండు గంటలు ఉంచి, గది వేడికి పూర్తిగా చల్లారాక మళ్లీ రెండు గంటలు. చిన్న ఓవెన్ వాడితే అందులో వేడి ముప్పై డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతుంది. ట్రేలో ఇసుక పోసి కత్తిని అందులో పూడిస్తే ఊగిసలాట కత్తికి తెలియదు.

గ్రైండింగ్ ముందా, తర్వాతా?

మీరు అడగలేదు గానీ, ఆకారం తీసేశానన్నారు కాబట్టి చెప్తున్నాను. వాదర దగ్గర 0.7 నుంచి 1 మిల్లీమీటరు మందం మిగిలి ఉందా చూడండి. అంతకన్నా సన్నగా తీసి ఉంటే వాదర అలలు అలలుగా వంగే అవకాశం ఎక్కువ. ఫాయిల్‌లో చుట్టినా పైన సన్నటి పొరలో కార్బన్ కొంత తగ్గే ఉంటుంది. ఒక్కో పక్క 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు తర్వాత తీసేయాలి. గట్టిపడ్డాక కొత్త బెల్టులు వాడండి, గ్లోవ్స్ లేకుండా పట్టుకోండి, వేడి తెలిసిన ప్రతిసారీ నీళ్లలో ముంచండి. వాదర దగ్గర రంగు మారితే టెంపరింగ్ వేడి దాటిపోయినట్టే, ఆ మేరకు అక్కడి పనంతా పోయినట్టే.

మీ స్నేహితుడి కత్తిలో డిజైన్ మసక

ఎచింగ్ పనిచేసేది పొరల మధ్య తేడా మీద. మీ జతలో ఆర్‌డబ్ల్యూఎల్34కి మాలిబ్డినం తోడుంది, యాసిడ్‌ని ఎదిరించి తెల్లగా మెరుస్తూ నిలబడుతుంది. పీఎంసీ27 కరిగి ముదురు రంగుకు తిరుగుతుంది. తక్కువ వేడిలో గట్టిపరిస్తే రెండు స్టీల్స్‌లోనూ క్రోమియం కార్బైడ్‌లోనే ఉండిపోతుంది, రెండింటినీ యాసిడ్ తినేస్తుంది. ఫలితంగా రెండూ మురికి బూడిద రంగే. గట్టిపరచని బార్‌ని డిజైన్ చూద్దామని ఎచింగ్ చేసినా ఇలాగే ఉంటుంది, నిరుత్సాహపడకండి. పైన చెప్పిన 510 టెంపరింగ్‌లో జరిగింది కూడా ఇదే. అందుకే మసక డిజైన్ కనిపిస్తే నేను యాసిడ్ మార్చమనను, ఏ వేడిలో గట్టిపరిచారని అడుగుతాను. మీ స్నేహితుడు గ్యాస్ కొలిమిలో చేసి ఉంటే జవాబు దాదాపు తెలిసిపోయినట్టే.

హీట్ ట్రీట్‌మెంట్ సరిగానే ఉండి డిజైన్ తేలకపోతే అప్పుడు పైపనిలో వెతకాలి. 600 లేదా 800 గ్రిట్ వరకు చేత్తో పాలిష్ చేసి, అసిటోన్‌తో తుడిచి, వేలు తగలకుండా ఆలస్యం చేయకుండా యాసిడ్‌లో దించాలి. స్టెయిన్‌లెస్ మీద గాలికే ఒక రక్షణ పొర ఏర్పడుతుంది. ఆలస్యమైతే ఆ పొర వల్ల అక్కడక్కడ మచ్చలుగా ఎచింగ్ మొదలవుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్‌ని కార్బన్ డమాస్కస్‌కి వాడినదాని కన్నా చిక్కగా, గోరువెచ్చగా వాడతాను. పది నిమిషాలకోసారి తీసి, కడిగి, మెత్తటి బ్రష్‌తో తుడిచి లోతు చూసుకోండి. లోతు చాలాక సోడా నీళ్లతో కడిగి, 2000 గ్రిట్ కాగితాన్ని చదునైన గట్టి చెక్కకు చుట్టి పైపైన రుద్దితే ఎత్తుగా ఉన్న పొరలు మెరుస్తాయి. రబ్బరు ముక్కకు చుడితే కాగితం పల్లాల్లోకి కూడా దిగి ముదురు రంగుని తీసేస్తుంది. కంటి అద్దాలు, గ్లోవ్స్ తప్పనిసరి.

ఒకసారి చెడితే మళ్లీ చేయవచ్చా?

మీ స్నేహితుడి కత్తిని కాపాడుకోవచ్చు. కానీ గట్టిపడి ఉన్న కత్తిని నేరుగా మళ్లీ 1065కి తీసుకెళ్తే గ్రెయిన్ పెరిగే ప్రమాదం, పగిలే ప్రమాదం ఉన్నాయి. ముందు ఫాయిల్‌లో చుట్టి 760 దగ్గర రెండు మూడు గంటలు ఉంచి మెత్తబరచాలి. ఆ తర్వాత మొదటి నుంచి మొత్తం చేయాలి. గ్యాస్ కొలిమిలో కాలిన కత్తి అయితే పైపొరలో కార్బన్ పోయి ఉంటుంది, అది తీసేయగా మిగిలే మందం చాలుతుందో లేదో ముందే కొలుచుకోమనండి.

చివరిగా మీ కత్తి గురించి. దాన్ని ఫర్నేస్‌లో పెట్టే ముందు అదే బార్ నుంచి మిగిలిన చివర ముక్కలు మూడు తీసుకోండి. ఒకటి 1050లో, ఒకటి 1065లో, ఒకటి 1080లో గట్టిపరిచి, మూడింటికీ ఒకే చలి, ఒకే టెంపరింగ్ ఇవ్వండి. గట్టిదనం కొలిపించుకోండి, ఒక చివర విరిచి గ్రెయిన్ చూడండి, విరిచిన చోట బూడిద రంగు మెత్తటి పట్టులా ఉండాలి, పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైనట్టు. రెండో చివర ఎచింగ్ చేయండి. మీ ఫర్నేస్‌కి ఏ అంకె సరిపోతుందో అక్కడే తేలిపోతుంది.

స్నేహితుడి కత్తి ఏ బార్‌తో చేసిందో, ఎలా వేడి చేశారో కనుక్కుని రాయండి. జత పేరు తెలిస్తే దానికి ఉమ్మడి పరిధి ఉందో లేదో చూసి చెప్తాను.